బండూట వెలసిన వైనం

పూర్వం, ఇనుపదారి ఈ సీమలో కొత్తగా కాలు మోపిన రోజుల్లో, ఇప్పుడు మనం రైలు దిగి ఆటోల కోసం కేకలు వేసే ఈ చోట ఒక్క ఇల్లు కూడా లేదు. ఎటు చూసినా నల్లరాతి గుట్టలు, గుట్టల నడుమ తుమ్మపొదలు, పొదల మధ్య మేకలు తొక్కిన సన్నని బాటలు, అంతే. నేడు మహానగరమై నలుదిక్కులకూ పాకిన పట్నం ఆనాడు నాలుగు కోసుల దూరాన, మట్టికోటను చుట్టుకుని ఉన్న చిన్న పేట. ఆ పేటకు రైలు చేరాలంటే ఈ గుట్టలను చీల్చక తప్పదు గనుక, రైలు కంపెనీవారు రాతిపనిలో ఆరితేరిన వడ్డెరల నలభై కుటుంబాలను పిలిపించి ఇక్కడ దింపారు. వారు ఈతాకుల గుడిసెలు వేసుకుని, రెండేళ్ల పాటు ఎండనక వాననక సమ్మెటలు ఎత్తి దించి, కొండంత రాతిని నిలువునా కోసి దారి చేశారు. బండూట అనే ఈ పుణ్యస్థలానికి తొలి నివాసులు ఆ శ్రమజీవులే.

ఆ గుడిసెల్లో సుంకులమ్మ అనే ఇల్లాలు ఉండేది. భర్త గుట్టకోతలో రాయి దొర్లి కాలం చేశాడు. ఉన్నది ఒక్కతే కూతురు, పేరు రామక్క. సుంకులమ్మకు నలభై అయిదేళ్లు పైబడినా, కొంగు నడుముకు బిగించి సమ్మెట అందుకున్నదంటే పడుచువాళ్లు పని ఆపి చూసేవారు. అయితే ఆమె గొప్పతనం భుజబలంలో లేదు, చెవిలో ఉంది. రాతి మీద ఒక్క దెబ్బ వేసి, తల పక్కకు వంచి, ఆ మోత చెవిన పడగానే ఈ రాయి ఎక్కడ పగులుతుందో, ఎటు విడిపోతుందో, లోపల గట్టిగా ఉన్నదో బోలుగా ఉన్నదో చెప్పేసేది. ఆమె చెప్పిన చోట ఉలి పెడితే రాయి పుచ్చకాయలా రెండయ్యేది. "ఇదంతా నా చేతిలో ఏముంది, గంగమ్మ పలికిస్తాండాది" అని ఆమె వినయంగా చేతులు జోడించేది. గుడిసెల పక్కన ఒక నల్లరాతికి పసుపు పూసి, దానినే గంగమ్మగా నిలుపుకుని, రోజూ పనికి పోయే ముందు దోసెడు నీళ్లతో ఆ తల్లిని తడిపి మొక్కడం ఆమె నియమం.

ఈ నేలలో నీళ్లు కనిపెట్టిందీ ఆమెయే. గుడిసెలు వేసిన కొత్తలో కంపెనీవారు దూరం నుంచి పీపాలలో నీళ్లు తోలించేవారు. అవి చాలక జనం అల్లాడుతుంటే, సుంకులమ్మ గుట్ట చుట్టూ మూడు రోజులు తిరిగి, నేల మీద గునపంతో తట్టి తట్టి విని, ఒక చోట కాలు ఆనించి "ఈడ తవ్వండి" అన్నది. అయిదు నిలువుల లోతు తవ్వేసరికి చాపరాయిలాంటి బండ అడ్డం వచ్చింది. ఆ బండ మీదికి పక్కల నుంచి సన్నని ఊట దిగి, నడుము లోతు నీరు నిలిచింది. బండ పగిలితే ఇంకా నీరుంటుందని ఆమె అనేది గాని, పగలగొట్టాలంటే ముందు బావిలోని నీరంతా తోడి పారబోయాలి. ఆ రాళ్లసీమలో తాగేనీళ్లు పారబోసే గుండె ఎవరికుంటుంది? అలా ఆ బండ రెండేళ్లు నీటి కిందనే ఉండిపోయింది.

ఆ రెండేళ్లలోనే కరువు వచ్చింది. మొదటి ఏడు వానలు మొహం చాటేశాయి. రెండో ఏడు మబ్బే పుట్టలేదు. పశువులు కొట్టాల్లోనే కూలబడ్డాయి. ఎద్దులు పోవడంతో బండ్లు కాడి దించేశాయి. ఊళ్లకు ఊళ్లు లేచి పేట వైపు నడిచాయి. పేటలో కోట ముందర గంజి పోస్తున్నారని విని వేలకు వేలమంది అక్కడ చేరారు. పట్టాలు అప్పటికి పేట దాకా పడ్డాయి గనుక, సముద్రతీరం నుంచి వచ్చే ధాన్యపు రైళ్లే ఆ జనానికి ఊపిరి. ఇక్కడి వడ్డెరలు పట్టాల కింద పరిచే కంకర కొడుతూ గుడిసెల్లోనే ఉండిపోయారు. వారి బావిలో నీరు నడుము నుంచి మోకాలికి, మోకాలి నుంచి పిక్కకు దిగింది. సుంకులమ్మ మరిది తిప్పన్న ఆ గుడిసెలన్నిటికీ పెద్ద. మనిషికి రోజుకు రెండు ముంతలని కట్టుదిట్టం చేసి, బావి దగ్గర తానే కూర్చుని పంచేవాడు. సరిగ్గా ఆ దినాల్లోనే, పురిటికి పుట్టింటికి వచ్చిన రామక్క ప్రసవించింది. ఆడపిల్ల పుట్టింది. తిప్పన్న పచ్చిబాలింతకని ఒక ముంత ఎక్కువ కొలిచేవాడు, ఎవరూ కాదనలేదు.

బిడ్డ పుట్టిన అయిదో రోజు, వైశాఖమాసంలో రెండో శుక్రవారం, పొద్దు బారెడెక్కిన వేళ. గుట్ట కోత అవతల నుంచి రైలు కూత వినిపించింది. మామూలుగా ఒకసారి కూసి ఊరుకునే ఇంజను ఆవేళ ఆగకుండా కూసింది. ఆ కూత పెద్ద జంతువేదో గాయపడి అరుస్తున్నట్టు గుట్టల నిండా మారుమోగింది. జనం పనిముట్లు పారేసి కట్ట మీదికి పరుగులు తీశారు. పద్దెనిమిది పెట్టెల ధాన్యపు రైలు ఎత్తు ఎక్కలేక ఎక్కలేక వచ్చి, సరిగ్గా గుడిసెల ఎదుట నిట్టూర్చి నిలబడిపోయింది.

ఇంజను నుంచి డ్రైవరు దేవసహాయం దిగాడు. మొహం నిండా మసి, మసి మీద చెమట చారలు. అతను సముద్రం వైపు మనిషి, పేదరికంలో పుట్టి ఇంజను పని నేర్చుకున్నవాడు. దిగీ దిగగానే "అమ్మా, అయ్యా, ఇక్కడ నీళ్లున్నాయా?" అని అడిగాడు. వెనకటి స్టేషనులో నీళ్లు పట్టుకోవలసిన చెరువు ఎండిపోయిందట. తొట్టి అడుగున ఉన్న నీళ్లతో ఎలాగో ఇక్కడిదాకా లాక్కొచ్చాడు. "బాయిలరులో నీళ్లు అడుగంటాయి. అరగంటలో నీళ్లు పడకపోతే కింద మంట లాగి పారెయ్యాలి. లేకపోతే బాయిలరు పేలుతుంది. మంట ఆర్పితే మళ్లీ ఇంకో ఇంజను వచ్చి లాగాలి, దానికి మూడు రోజులు పడుతుంది. పేటలో నిన్నటి నుంచి గంజి పొయ్యి వెలగలేదు. ఈ బియ్యం అందకపోతే మూడు రోజుల తర్వాత అక్కడ తినేవాళ్లుండరు" అన్నాడు.

జనమంతా తిప్పన్న మొహం చూశారు. తిప్పన్న బావి వైపు చూశాడు. బావిలో ఉన్నది మూడువందల కడవల నీరు. పొదుపుగా వాడితే నలభై గుడిసెలకు పది రోజులు.

"ఎన్ని నీళ్లు కావాల?" అని అడిగింది సుంకులమ్మ.

"ఎన్నున్నా కావాలమ్మా. మూడువందల కడవలు పోస్తే పేట చేరతాం."

"వదినా, నువ్వు మాట్లాడొద్దు" అన్నాడు తిప్పన్న. "మన బిడ్డల నోటికాడి నీళ్లు తీసి ఈ ఇనపదానికి పొయ్యమంటావా? కంపెనీవాళ్ల పీపాలు వచ్చి నెల దాటె. రేపు మనకు ఎవురు పోస్తారు? నీ ఇంట్లో పచ్చిబాలింత ఉండాది, మరిచినావా?"

సుంకులమ్మ మరవలేదు. గుడిసెలో నుంచి పసిబిడ్డ ఏడుపు అక్కడికి వినిపిస్తూనే ఉంది. ఆమె ఒక్క క్షణం నిలబడిపోయింది. ఆ క్షణంలో ఆమెకు ఎన్నడూ చూడని పేట కళ్లకు కట్టిందట. కోట ముందర వరుసగా కూర్చున్న జనం, ఖాళీ గంజికుండలు, ఆ కుండల దగ్గర ఆకలికి ఏడవను కూడా ఓపిక లేని పసివాళ్లు. ఆమె గబగబా నడిచి గంగమ్మ రాతి ముందు మోకరిల్లింది. "తల్లీ, తడపడానికి ఈ పొద్దు దోసెడు నీళ్లు కూడా తేలేదు, కోపం చేసుకోవద్దు. నీళ్లు ఈ పొద్దు వేరే చోటికి పోతాండాయి" అని మొక్కి లేచింది. లేచిన మనిషి మొహంలో సందేహం లేదు.

"తిప్పన్నా, పదినాళ్లు తాగి, పదకొండో నాడు మనమూ పేట దావ పట్టాల్సినోళ్లమే. ఆడ కూడు లేకపోతే యాడికి పోతాం? నీళ్లు పొయ్యి. బాయి ఎండితే బండ బయట పడతాది. పొద్దు గుంకే లోపల దాన్ని పగలకొట్టి నీళ్లు నేను తెస్తా."

"పగలకపోతే?"

"అది పగలతాదని నాకు రెండేండ్లుగా తెలుసు" అన్నది సుంకులమ్మ. అని, మరిది చేతిలోని చేంతాడు తానే తీసుకుని, బావిలోకి చేద వదిలింది.

ఇక చూడాలి ఆ సందడి, ఆ హడావిడి! బావి పల్లంలో ఉంది, రైలు కట్ట మీద ఉంది. నడుమ నూటయాభై బారల దూరం. ఎవరి కడవ వారు మోసుకుపోతే అరగంటలో ముప్పై కడవలు కూడా చేరవు. "నడవొద్దు, నిలబడండి! కుండ నడవాల, మనం కాదు!" అని సుంకులమ్మ కేక వేసింది. గుడిసెల్లోని ఆడా మగా ముసలీ ముతకా చేయి చాచినంత దూరంలో ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. కడవ చేతి నుంచి చేతికి పరుగెత్తింది. అయినా వరుస సగం దూరమే వచ్చింది. చివరి మనిషికీ కట్టకూ మధ్య డెబ్బై బారల ఖాళీ మిగిలిపోయింది.

ఆగని కూత విని, గుట్ట అవతల ఇంకా ఖాళీ కాని కొమ్మెర గ్రామం నుంచి రైతులు అప్పటికే గుంపుగా వచ్చి కట్ట మీద నిలబడ్డారు. వారు వడ్డెరల కడవను ముట్టేవారు కారు. వడ్డెరలు వారి బావి గట్టు ఎక్కేవారు కారు. వారిలో ఊరిపెద్ద తల్లి అచ్చవ్వ ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి, చేతికర్ర మీద ఒరిగి ఆ ఖాళీని చూసింది. ఆమె కూతురు పిల్లలతో సహా పేటలో గంజికి పోయి నెల దాటింది. అచ్చవ్వ చేతికర్రను పక్కన పడేసి, కట్ట దిగి వచ్చి, వరుస చివర నిలబడ్డ వడ్డెర ఇల్లాలి పక్కన నిలబడి రెండు చేతులూ చాచింది.

"అవ్వా, ఇది మా కడవ" అన్నది ఆ ఇల్లాలు బిత్తరపోయి.

"బరువుగా ఉండాదా, లేదా? ఉంటే ఇట్లియ్యి!" అన్నది అచ్చవ్వ.

ఆ ఒక్క మాటకు కట్ట మీది గుంపు కదిలింది. కొమ్మెర రైతులు, రైతుల ఇల్లాళ్లు, ధాన్యానికి కాపలా వచ్చిన బంట్రోతులు, గార్డు, అందరూ దిగి ఆ ఖాళీని నింపేశారు. ఇప్పుడు బావి నుంచి ఇంజను దాకా ఒకటే గొలుసు! నిండిన కడవలు ఒక పక్క ఎక్కుతుంటే, ఖాళీ కడవలు మరో పక్క దిగుతున్నాయి. కడవ కడవకూ "గంగమ్మా!" అని ఒక గొంతు, "ఇంకొకటి!" అని ఇంకో గొంతు. దేవసహాయం తొట్టి మీద నిలబడి అందిన కడవను అందినట్టే గుమ్మరించాడు. ఒక చుక్క ఒలికితే వరుసంతా అయ్యో అన్నది. అగ్గి చూసే మనిషి నీటిమట్టం తెలిపే గాజుగొట్టం మీదనే కళ్లు నిలిపి ఉన్నాడు. రెండువందల కడవల దాకా అందులో ఏమీ కనిపించలేదు. ఉన్నట్టుండి అతను "వచ్చింది! నీరు కనపడింది!" అని గావుకేక పెట్టాడు. ఆ కేక చేతుల వరుస వెంట బావి దాకా పాకి, బావి దగ్గర చేద లాగుతున్న సుంకులమ్మకు చేరింది. చేద అడుగున అప్పటికి బురదే వస్తోంది.

ఇంజను బుస్సుమని పొగ వదిలింది. చక్రాలు ఒకసారి జారి, మళ్లీ పట్టు దొరికి, పద్దెనిమిది పెట్టెలూ ఒకదాని వెనక ఒకటి కదిలాయి. దేవసహాయం టోపీ తీసి, ఇంజను మలుపు తిరిగేదాకా ఈ జనం వైపే చూస్తూ నమస్కరించాడు. కొండ మలుపులో పొగ కనుమరుగైన తర్వాత అందరికీ ఒక్కసారిగా దాహం తెలిసింది.

సుంకులమ్మ అప్పటికే సమ్మెట, ఉలి, అయిదు ఇనుపచీలలు మూటగట్టుకుని తాడు పట్టుకుని బావిలోకి దిగింది. రెండేళ్ల తర్వాత బండ ఎండ చూసింది. ఆమె చెప్పులు విడిచి, బండను తాకి కళ్లకద్దుకుని, అంగుళం అంగుళం తట్టుతూ చెవి ఆనించి విన్నది. పడమర గట్టి. దక్షిణం గట్టి. నడుమ మరీ గట్టి. ఈశాన్యమూల దగ్గర తట్టినప్పుడు మాత్రం మోత మారింది. మూత పెట్టిన కుండ మీద కొట్టినట్టు లోతుగా పలికింది. సుంకులమ్మ ఒంటి మీద రోమాలు నిలబడ్డాయి. "ఉండావా తల్లీ!" అని ఆమె అన్న మాట పైన గట్టు మీద అందరికీ వినపడింది.

అయితే బండ మందం మూరెడు. ఒక చేత్తో ఉలి పట్టి, ఇంకో చేత్తో సమ్మెట ఎత్తడం ఎంతటి వారికైనా కష్టమే. రెండు బెజ్జాలు పడేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె అరచేతులు చిట్లాయి. అప్పుడు తాడు కదిలింది. తిప్పన్న దిగాడు. ఉలి ముందు కూర్చుని దాన్ని రెండు చేతులా నిలిపి పట్టుకున్నాడు.

"నా చేతి మీద పడితే ఏం చేస్తావు?" అన్నాడు.

"ఇన్నేండ్లలో పడిందా?"

"లేదు."

"మరి గమ్ముగ పట్టుకో" అన్నది సుంకులమ్మ.

అయిదు బెజ్జాలు ఒకే వరుసలో పడ్డాయి. అయిదింటిలో అయిదు చీలలు నిలిపారు. పైన వడ్డెరలూ కొమ్మెరవారూ భేదం లేకుండా బావి చుట్టూ మూగి ఊపిరి బిగబట్టారు. సుంకులమ్మ ఒక్కొక్క చీల మీద ఒక్కొక్క దెబ్బ, ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు వేస్తూ పోయింది. దెబ్బ దెబ్బకూ మోత సన్నమైంది. సూర్యుడు గుట్ట అంచును తాకే సమయానికి, ఆమె నడిమి చీల మీద వేసిన దెబ్బకు బండ లోపల నుంచి గుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. సన్నని నల్లగీత చీల నుంచి చీలకు పాకింది. ఆ గీత తడిసింది. తడిసిన గీత బుడగలు కట్టింది. బుడగలు చూస్తూ ఉండగానే, బండ చెక్క పక్కకు ఒరిగి, మనిషి ఎత్తున నీళ్లు చిమ్మి ఇద్దరినీ తడిపేశాయి!

"నీళ్లు! నీళ్లు! గంగమ్మ లేచింది!" అని పైన వందల గొంతులు ఒక్కటై గుట్టలు దద్దరిల్లాయి. మోకాలి లోతు, నడుము లోతు, రొమ్ము లోతు! పైవారు తాళ్లు వదిలి, ఇద్దరినీ తేల్చి లాగేసరికి నీరు రెండు నిలువులు ఎక్కింది. గట్టు ఎక్కిన సుంకులమ్మ తాను తాగలేదు. మొదటి చెంబు గంగమ్మ రాతి మీద పోసింది. రెండో చెంబు కూతురి నోటికి అందించింది. తర్వాత గట్టు మీద కూలబడి చిన్నపిల్లలా నవ్విందట. ఆ నవ్వు ఆపడానికి అచ్చవ్వ ఆమె తలను ఒడిలోకి తీసుకోవలసి వచ్చిందట.

మరునాడు ఖాళీ పెట్టెలతో తిరిగివచ్చిన దేవసహాయం, ఎవరూ ఆపకుండానే ఇక్కడ రైలు ఆపాడు. పేటలో గంజి పొయ్యిలు వెలిగాయని, వరుసలో అచ్చవ్వ మాట విన్న గార్డు వాకబు చేయగా ఆమె కూతురూ పిల్లలూ క్షేమమని తెలిసిందని కబురు చెప్పి, బావి నిండుగా ఉండడం చూసి నేల మీద కూర్చుండిపోయాడు. ఆనాటి నుంచి ఈ దారిన వచ్చే ప్రతి ఇంజనూ ఇక్కడే నీళ్లు పట్టింది. కంపెనీ ఇంజనీరు వచ్చి రోజంతా తోడించి చూసినా నీరు జానెడు కూడా తగ్గలేదు. దానితో ఇనుపస్తంభాల మీద పెద్ద తొట్టి లేచింది, తొట్టి పక్కన స్టేషను, స్టేషను పక్కన బడ్డీకొట్లు, కొట్ల వెనక వీధులు లేచాయి. కంపెనీవారు తమ అధికారి ఒకరి పేరు బోర్డు మీద రాయించారు గాని, ఆ పేరు ఎవరి నోరూ తిరగలేదు. టిక్కెట్టు కిటికీ దగ్గర ప్రతివారూ "బండ ఊట దగ్గరికి ఒకటి" అని అడగసాగారు. ఎనిమిదేళ్లు అడగగా అడగగా బోర్డే మారింది. అలా ఈ ఊరు బండూట అయింది. సుంకులమ్మ మనవరాలి పెళ్లి చూసి, నిండు వయసులో కన్నుమూసింది. గంగమ్మ రాతి పక్కన ఆమె సమ్మెటను నిలిపి పసుపు పూశారు. అమ్మనూ ఆమెనూ కలిపి జనం బండూటమ్మ అని పిలుచుకుని, అక్కడే గుడి కట్టారు.

ఇప్పుడు బొగ్గు ఇంజన్లు లేవు. ఇనుపతొట్టిలో పావురాలు కాపురం ఉంటున్నాయి. పట్నం పెరిగి పెరిగి ఊరిని తనలో కలిపేసుకున్నది. పాలక్యాన్లతో, పూలబుట్టలతో, ఆఫీసు సంచులతో పొద్దున్నే లోకలు రైలు ఎక్కేవారికి ఇది మరో స్టేషను మాత్రమే. అయినా నడివేసవిలో గుడి వెనక బావిలోకి తొంగిచూస్తే, తేటనీటి అడుగున ఒకే వరుసలో అయిదు బెజ్జాల గుర్తులు, ఒరిగిన బండ చెక్క ఇప్పటికీ కనిపిస్తాయి. వైశాఖంలో రెండో శుక్రవారం బిందెల పండుగ జరుగుతుంది. ఆనాడు బావి నుంచి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం దాకా జనం చేయి చాచినంత దూరంలో వరుసగా నిలబడతారు. పదిగంటల పాసింజరు వచ్చి ఆగగానే నీళ్ల బిందెలు చేతి నుంచి చేతికి నడిచి, రైలు కిటికీల దగ్గర గ్లాసుల్లోకి వంగుతాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కిందటి నెలలోనే ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్నవారు కూడా ఆ వేడుక చూడడానికి వచ్చి, వరుస పక్కన కాసేపు మొహమాటంగా నిలబడి, "నేనూ నిలబడొచ్చాండీ?" అని అడుగుతారు. వారికి జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. అప్పటికే పక్కవారు నిండు బిందె వారి చేతుల్లో పెట్టేసి ఉంటారు.